ఓడలో ప్లీడరు కోటు

ఓడ కంపెనీ వాళ్లు పంపిన కాగితం మూడు మడతలుగా వచ్చింది. మొదటి మడతలో పెట్టెలు ఎన్ని తెచ్చుకోవచ్చో ఉంది. రెండో మడతలో ఏ ఏ రోగాలకు ముందుగా సూదులు వేయించుకోవాలో ఉంది. మూడో మడత నిండా బట్టలే. పగలు డెక్కు మీద ఏం వేసుకోవచ్చు, సాయంత్రం భోజనాల గదిలోకి ఏం వేసుకుని రావాలి, కెప్టెను ఇచ్చే విందుకు ఏం వేసుకోకపోతే గుమ్మం దాటనివ్వరు, అన్నీ వివరంగా రాశారు. చదివి నవ్వుకుని ఊరుకోవలసింది. నాకు కోపం వచ్చింది. అన్నం తినడానికి చేతులు కడుక్కుంటే చాలదా అని ఆఫీసులో గట్టిగానే అన్నాను. నీకు కోపమొచ్చినంత మాత్రాన ఓడ ఆగదు, వెళ్లి కోటు కుట్టించుకో అన్నాడు పక్కబల్ల ఆయన.

అది యాభైల చివరి మాట. గుంటూరులో పత్తి పరిశోధన చేసే ఆఫీసులో నాది చిన్న ఉద్యోగం. పింజ, అంటే పత్తి పోగు, ఎంత పొడవుందో కొలవడం, గింజ తీస్తే దూది ఎంత వస్తుందో తూచడం నా పని. ఇంగ్లండులో నూలు పరీక్షలు ఎలా చేస్తారో చూసి నేర్చుకురమ్మని ఏడాదిపాటు పంపిస్తున్నారు. విమానాలు పెద్ద హోదా వాళ్లకి. నాబోటి వాళ్లకి బొంబాయి నుంచి ఓడ, అందులోనూ చవక తరగతి. చవక తరగతికి కూడా ఇన్ని వేషాలా అన్నది నా బాధ.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని మా ఊరు వెళ్లాను. మాది నల్లరేగడి ఊరు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో బండ్లబాట. నాన్న వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తుంచుతున్నాడు. నేను ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పెట్టెల సంగతి పట్టించుకోలేదు. సూదుల సంగతి పట్టించుకోలేదు. మూడో మడత దగ్గరికి వచ్చేసరికి తొడిమలు తుంచడం ఆపి, మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"నువ్వు తింటావో పస్తుంటావో నీ ఇష్టం రా. బట్టలు చూసి నిన్ను బల్ల కాడ నుంచి లెగమనకూడదు. అదొక్కటి చూసుకో" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

అంతకు ఏడెనిమిదేళ్ల ముందు గుంటూరులో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. మేలైన పత్తి పండించినందుకు నాన్నకు పతకం ఇచ్చారు. పతకాలు వచ్చిన రైతులకు ఊళ్లో ఉన్న పెద్ద క్లబ్బులో టీ అన్నారు. నేనప్పుడు అక్కడే మిషను కాలేజీలో చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. నాన్నతో పాటు క్లబ్బుకు వెళ్లాలని తోటి విద్యార్థి దగ్గర ప్యాంటు, బూట్లు అడిగి తెచ్చుకున్నాను. బూట్లు పెద్దవైతే ముందు భాగంలో దూది కుక్కాను. ఇంట్లో ఇంకేం లేకపోయినా దూదికి కొదవ లేదు.

మమ్మల్ని వరండాలో పేము కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాన్న మోకాళ్ల కిందికి దిగిన తెల్ల పంచె, ఉతికిన చొక్కా, భుజాన కండువాతో వచ్చాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, బండి మీద కూర్చున్నంత దర్జాగా కూర్చున్నాడు. క్లబ్బు సెక్రటరీ మెల్లగా దగ్గరికి వచ్చాడు. తెల్లవాడేమీ కాదు, మనవాడే. కసురుకోను కూడా లేదు, చాలా మర్యాదగా చెప్పాడు. పంచె కట్టుకున్నవాళ్లు వరండా మీద కూర్చోకూడదండీ, మా క్లబ్బు రూలు, కింద కుర్చీ వేయిస్తాను, మీ టీ అక్కడికే పంపిస్తాను అన్నాడు. గోడ మీద నాలుగు మేకులు కొట్టి బిగించిన బోర్డు కూడా చూపించాడు. మిగతా రైతుల్లో ఇద్దరు ముగ్గురు ముందే తెలిసి ప్యాంట్లలో వచ్చారు. తక్కినవాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోయారు. పైదాకా వచ్చి కూర్చున్న అమాయకుడు మా నాన్న ఒక్కడే.

నాన్న "అట్టాగా" అన్నాడు. అంతే. లేచి కండువా సర్దుకుని మెట్లు దిగాడు. కింద వేసిన కుర్చీలో కూర్చోలేదు. గేటు దాకా వెళ్లి వేపచెట్టు కింద అటు తిరిగి నిలబడ్డాడు.

సెక్రటరీ నా వైపు చూశాడు. నా ప్యాంటు చూశాడు. నవ్వి వెళ్లిపోయాడు.

నేను లేవలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి నాకు కష్టంగానే ఉంది. అప్పుడే కప్పు నా చేతికి ఇచ్చారు. ఇది తాగేసి వెళ్దామనుకున్నాను. తాగాను. పళ్లెంలో రెండు బిస్కెట్లు పెడితే అవీ తిన్నాను. తర్వాత వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాను. ఆ సాయంత్రం ఆయనతో పాటే ఊరికి బయల్దేరాను. బస్సులో నాన్న పతకం తీసి చూపించాడు, పత్తి గురించి మాట్లాడాడు, వానల గురించి మాట్లాడాడు. టీ మాట ఎత్తలేదు. నేను తాగింది ఆయన చూడలేదనే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఏ పెళ్లిలోనైనా, ఏ విందులోనైనా నాన్న ముందుగా కూర్చోవడం మానేశాడు. వడ్డనల దగ్గర నిలబడి వాళ్లకి వెయ్యి, వీళ్లకి వెయ్యి అని కేకలు పెట్టేవాడు. అందరూ తిన్నాక ఏ మూలో ఇంత తినేవాడు. ఎంత వినయం అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. వినయం కాదు, లేవమంటారని భయం అని చెప్పాలనిపించేది. చెబితే మిగతా కథ కూడా చెప్పాలి.

కాబట్టి కోటు కుట్టించడానికి నాన్న స్వయంగా గుంటూరు వచ్చాడు.

కోర్టు వీధిలో ఒక సాయిబు గారు ఉండేవారు. ముప్ఫయ్యేళ్లుగా గుంటూరు ప్లీడర్ల కోట్లన్నీ ఆయన చేతి మీదే కుట్టినవి. నాన్నకు పొలం గట్టు తగాదాలో కోర్టు చుట్టూ తిరిగిన రోజుల నుంచి పరిచయం. నేను కాగితం తీసి నల్ల కోటు, నల్ల ప్యాంటు, గట్టి కాలరు తెల్ల చొక్కా అని చదువుతుంటే ఆయన మధ్యలోనే చెయ్యి ఎత్తారు. నల్ల కోటు గురించి నాకు చెప్పాలా బాబూ అన్నారు. మెడకు నల్ల బో అని రాశారండీ అన్నాను. బో అంటే ఏమిటని నాన్న అడిగాడు. సీతాకోకచిలుకలాగా ముడి వేస్తారు అని మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి చూపించాను.

నాన్న, సాయిబు గారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అది పెళ్లి మేళం వాళ్లు కట్టుకునేది గదరా" అన్నాడు నాన్న.

నిజమే. గుంటూరు వీధుల్లో అలాంటిది మెడకు కట్టుకుని తిరిగేది బూరలు ఊదేవాళ్లు ఒక్కరే. సాయిబు గారికి నవ్వు ఆగలేదు. కాగితంలో ఏదో పొరపాటు పడి ఉంటుందన్నారు. నల్ల కోటు మీద నల్లది కడితే మెడ ఉన్నట్టే తెలియదని, నల్ల కోటుకు మెడ దగ్గర ఉండవలసినవి రెండు తెల్ల పట్టీలని, మన కోర్టులో ఎంత పెద్ద ప్లీడరైనా అవి లేకుండా నోరు విప్పడని చెప్పారు.

"ప్లీడరు గారిని లెగమనే మొనగాడు ఎవడున్నాడు?" అన్నాడు నాన్న ఆయన్ని సమర్థిస్తూ.

"జడ్జీ గారు వస్తే ప్లీడరు కూడా లెగవాల్సిందే అన్నా" అన్నారు సాయిబు గారు.

"అది మర్యాదకి లెగటం. లెగమంటే లెగటం వేరు" అన్నాడు నాన్న.

నాకు అనుమానం లేకపోలేదు. కాలేజీ చదువు చదివినవాణ్ణి, అచ్చులో ఉన్నది అచ్చులో ఉన్నట్టు చేయాలని తెలుసు. కానీ నేను మాత్రం ఎప్పుడు చూశాను కనుక ఆ విందులు? పైగా నాన్న అక్కడ వేలాడుతున్న ఒక ప్లీడరు కోటు చేతి మీద చెయ్యి పెట్టి నిమురుతున్నాడు. ఆయన అంత ధీమాగా కనిపించి చాలా ఏళ్లయింది. పట్టీలు కూడా కుట్టేయండి అన్నాను. వారం తిరిగేసరికి బోనెక్కిన మనిషి చేత ప్రమాణం చేయించగలిగేంత గట్టి కోటు తయారైంది.

ఓడ ఎక్కిన రెండు రోజులు నేను మనిషిని కాదు. సముద్రం ఊగింది, నా కడుపు ఊగింది. గదిలోంచి కదలకుండా బ్రెడ్డు ముక్క, అమ్మ పెట్టిన మాగాయ టెంకతో గడిపాను. మూడో రోజు కాస్త తల నిలిస్తే డెక్కు మీదికి వెళ్లాను. వెళ్లి నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ ఓడ ఆస్ట్రేలియా నుంచి వస్తున్నది, నిండా తెల్లవాళ్లు. ఆడా మగా అంతా ఎండలో పడుకుని ఉన్నారు. మగవాళ్లకు మోకాళ్ల పైకి ఉన్న నిక్కర్లు, పైన చొక్కా కూడా లేదు. తల నెరిసిన పెద్దమనిషి ఒకాయన ఆ వేషంలోనే కుర్చీలో కూర్చుని దర్జాగా టీ తాగుతున్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. మా నాన్న పంచె మోకాళ్లు దిగి ఉంటుంది, చొక్కా ఉంటుంది, పైన కండువా కూడా ఉంటుంది. ఏ దొరల మర్యాద కాపాడటానికి ఆయన్ని కుర్చీలోంచి లేపారో ఆ దొరలు ఇక్కడ గోచీకి ఒక మెట్టు ఎక్కువగా తిరుగుతున్నారు. అక్కడే నిలబడి తెలుగులో నాలుగు మాటలు అన్నాను. టీ తాగుతున్న పెద్దమనిషి నేను పలకరించాననుకుని చెయ్యి ఊపాడు.

కానీ సాయంత్రం అయ్యేసరికి వాళ్లే మాయమై వేరే మనుషులు వచ్చినట్టు వచ్చారు. మగవాళ్లంతా నలుపు, ఆడవాళ్లంతా నేల ఊడ్చే గౌన్లు. ఆ రోజే కెప్టెను విందు. అంతవరకు సముద్రం సాకు చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ సముద్రం బల్లపరుపుగా ఉంది. పైగా ఆకలి. కోటు తొడుక్కుని, పట్టీలు కట్టుకుని, అద్దంలో చూసుకుని, గుంటూరు కోర్టులో వాయిదాకు వెళ్తున్నట్టు బయల్దేరాను.

భోజనాల గది గుమ్మం దగ్గర బట్టల నియమాలు రాసిన చట్రం ఉంది. దాని పక్కన వడ్డించేవాళ్ల మీద అజమాయిషీ చేసే వడ్డన పెద్ద నిలబడ్డాడు. నాకు ముందు ఒక ఎర్రజుట్టు మనిషి రంగు చొక్కాతో వచ్చాడు. వడ్డన పెద్ద అతని చెవిలో ఏదో చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, ఆ మర్యాదను నేను ఎరుగుదును. ఎర్రజుట్టు మనిషి తల వంచుకుని వెనక్కి వెళ్లాడు. నా వంతు వచ్చింది. వడ్డన పెద్ద నా కోటు చూశాడు. పైకి చూపు పోనిచ్చి మెడ దగ్గర ఆపాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. అయిపోయింది, బంగారంలాంటి కాగితం ఉండగా మేళం మాటలు విని చెడ్డాను అనుకున్నాను. నేను చూసిన బో ఒక్కటైనా తెల్లది లేదు, నాలాంటి పట్టీలు ఒక్కరికైనా లేవు.

అతను తల కొంచెం వంచి, నన్ను తానే బల్ల దాకా తీసుకెళ్లి, కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. కూర్చున్నాను. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా వచ్చి తప్పు జరిగింది అంటారేమోనని గుమ్మం వైపే చూస్తున్నాను. బల్ల దగ్గర ఒక గొర్రెల రైతు, ఆయన భార్య, ఇంకా ఒక ముసలావిడ ఉన్నారు. ఆవిడ వెనకటికి బడిపంతులమ్మట. నన్ను చూసి ముగ్గురూ మాటలు తగ్గించి సర్దుకుని కూర్చున్నారు. రైతు చేతిలో మందు గ్లాసు ఉంటే దాన్ని మెల్లగా పువ్వుల కుండీ వెనక్కి జరిపాడు.

సూపు వచ్చింది. ఎవరూ చెంచా ముట్టలేదు. ముసలావిడ నా వైపు వంగింది.

"మీకు అభ్యంతరం లేకపోతే మా కోసం లేచి ప్రార్థన చెబుతారా, ఫాదర్?" అంది.

నాకు ముందు వినిపించింది లేవమనడం ఒక్కటే. ఇంత దూరం వచ్చి, ఇన్ని జాగ్రత్తలు పడి, చివరికి లేవమనిపించుకున్నాను. ఆ తర్వాత ఫాదర్ అన్న మాట బుర్రకెక్కింది. చెయ్యి మెడ మీదికి వెళ్లింది. మా మిషను హాస్టలు భోజనాల గదిలో గోడ మీద పాతకాలపు పాదిరీల పటాలు వరసగా ఉండేవి. ప్రతి పటంలోనూ నల్ల కోటు, మెడ కింద రెండు తెల్ల పట్టీలు. నాలుగేళ్లు రెండు పూటలా వాటి కింద కూర్చుని అన్నం తిన్నవాణ్ణి. సాయిబు గారు కత్తెర పట్టుకున్నప్పుడు ఒక్కసారి గుర్తుకు రాలేదు. ప్లీడరైనా, పాదిరీ అయినా అది ఒకే గుడ్డ.

లేచాను. లేవకపోతే ఆవిడ చిన్నబోతుంది. నిజం చెబుదామంటే మూడు తలలు అప్పటికే వంగి ఉన్నాయి, పక్క బల్ల వాళ్లు కూడా మాటలు ఆపి కళ్లు మూసుకున్నారు. నేను పాదిరీని కాను, క్రైస్తవుణ్ణి కూడా కాను. కానీ ఆ హాస్టల్లో ప్రార్థన అయితే గాని గరిటె లేచేది కాదు, ఆకలి మీద నాలుగేళ్లు చెప్పిన ప్రార్థన మనిషి మరిచిపోడు. తెలుగులోనే చెప్పాను.

"ప్రభువా, ఈ అన్నం పండించిన చేతుల్ని చల్లగా చూడు. వండిన చేతుల్ని, వడ్డించే చేతుల్ని చల్లగా చూడు. మా పక్కన చోటు దొరకనివాళ్లను మాకు గుర్తు చెయ్యి."

ఆ చివరి మాట నాకే కొత్తగా వినిపించింది. నాలుగేళ్లు అన్నం కోసం గబగబా చదివేసిన మాట అది. దాని అర్థం అరేబియా సముద్రం మధ్యలో, కుట్టు పొరపాటు వల్ల, మొదటిసారి నాకు తెలిసింది. పండించిన నాన్న చేతులు తెలుసు. వేపచెట్టు కింద అటు తిరిగి నిలబడిన వీపు తెలుసు. ఆమెన్ అన్నాను. బల్ల చుట్టూ ఆమెన్ అన్నారు. కూర్చుని కళ్లు తుడుచుకుంటే ముసలావిడ భక్తి అనుకుంది.

అబద్ధం మీద సూపు దిగలేదు. సగం గిన్నె కాకముందే నిజం చెప్పేశాను. నేను పాదిరీని కాను, పత్తి మనిషిని, ఇది మా ఊళ్లో ప్లీడర్లు వేసుకునే కోటు అన్నాను. ఆ తర్వాత ఏమవుతుందోనని వడ్డన పెద్ద వైపు చూశాను. గొర్రెల రైతు మాత్రం పడీ పడీ నవ్వి, పువ్వుల కుండీ వెనక దాచిన గ్లాసు మళ్లీ బయటికి తీశాడు. తన కోటు అంచు ఎత్తి చూపించాడు. ఆ కోటు వాళ్ల అన్నయ్యదట, బొత్తాలు పెడితే ఊపిరాడదట, లోపల పిన్నీసుతో బిగించి వచ్చాడు. గుమ్మం దగ్గర ఎక్కడ ఊడుతుందోనని ఊపిరి బిగబట్టి నడిచానన్నాడు. ముసలావిడ మాత్రం నవ్వలేదు. నేను చెప్పిన ప్రార్థనకు అర్థం అడిగింది. ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ విని, అయితే అది చెల్లుతుంది అంది.

మిగతా ప్రయాణమంతా ఆ బల్ల దగ్గర నన్ను ఫాదర్ అనే పిలిచారు, కావాలనే. రైతుకు నల్లరేగడి గురించి చెప్పాను. ఎండాకాలం మా పొలం నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా పోతుందంటే నమ్మలేదు. తన చేతులు చూపించాడు. ఆ పగుళ్లు కూడా అలాంటివే.

ఏడాది తర్వాత గుంటూరు స్టేషనులో దిగితే నాన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. చిక్కిపోయావు అన్నాడు. పెట్టె నా చేతిలోంచి లాక్కున్నాడు. స్టేషను బయటికి వచ్చాక, బస్సు ఎక్కే ముందు, ఎటో చూస్తూ అడిగాడు.

"లెగమన్నారా?"

"అన్నారు నాన్నా."

పెట్టె కింద పెట్టాడు. ఆయన ముఖం చూడలేక గబగబా మిగతాది చెప్పాను. నన్ను చూసి గురువు అనుకున్నారని, వాళ్లందరి తరఫున లేచి దేవుడికి దణ్ణం పెట్టమన్నారని, కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నారని చెప్పాను. అంతా విని నాన్న, ఏం చెప్పావో చెప్పు అన్నాడు. బస్టాండులో, జట్కాల మధ్య నిలబడి మళ్లీ చెప్పాను. పండించిన చేతులు అన్న చోట తలాడించాడు. చివరి మాట దగ్గర నా వైపు ఒక్కసారి చూసి పెట్టె ఎత్తుకున్నాడు. అప్పుడైనా ఆ టీ సంగతి చెప్పవలసింది. చెప్పలేదు. సాయిబు గారికి మాత్రం జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. ఆయన మిషను ఆపి, కోర్టులో నెగ్గినా నెగ్గకపోయినా నా కోటు దేవుడి దగ్గర నెగ్గిందన్నమాట అన్నారు.

అరవైలు వచ్చాయి. చూస్తుండగానే మనుషుల మీద బట్టలు తేలికైపోయాయి. సాయిబు గారి కొడుకు టెరిలిన్ ప్యాంట్లు, బుష్ షర్టులు కుట్టడానికి చేతులు చాలక ఇంకో రెండు మిషన్లు వేశాడు. తండ్రి మాత్రం ఒక మూల ప్లీడర్ల కోట్లతో ఉండేవారు. గొర్రెల రైతు ఏడాదికొక ఉత్తరం రాసేవాడు. ఒక ఉత్తరంలో, మళ్లీ అదే ఓడ ఎక్కామనీ, ఇప్పుడు కెప్టెను విందుకు కూడా సగం మంది మెడ బొత్తాం విప్పుకుని వస్తున్నారనీ, గుమ్మం దగ్గర ఎవర్నీ ఆపడం లేదనీ రాశాడు. పిన్నీసు అవసరం తీరిపోయింది, కానీ ఎందుకో ఆ కోటు పారెయ్యలేదు అన్నాడు.

ఆ క్లబ్బులోనే ఒకసారి రైతుల సభ పెట్టారు. కొత్త పత్తి గింజల గురించి నన్ను మాట్లాడమన్నారు. తర్వాత వరండాలో టీ. రైతులు పంచెలతో వస్తారు, ఎవరినీ దింపడానికి వీల్లేదు, ఒప్పుకుంటేనే వస్తానన్నాను. కొంచెం దురుసుగానే అన్నాను, అది చాలా ఏళ్లుగా దాచుకున్న దురుసు. కొత్త సెక్రటరీ చిన్నవాడు, బుష్ షర్టు వేసుకుని ఉన్నాడు. నా కోపం దేనికో అతనికి అర్థం కాలేదు. ఆ బోర్డు తీసేసి చాలా రోజులైంది కదండీ అన్నాడు. గోడ మీద నాలుగు మేకుల గుంటలు మాత్రం ఉన్నాయి.

నాన్నను రమ్మన్నాను. రాననలేదు. కానీ ఆ రోజు పొద్దున మా ఇంట్లో పెట్టె తెరిచి వేపాకుల మధ్య నుంచి ఆ నల్ల కోటు తీశాడు. పంచె మీద తొడుక్కున్నాడు. పాతకాలంలో ప్లీడర్లు అలాగే వేసుకునేవారు. మనిషి వయసుతో తగ్గాడు, భుజాలు జారిపోతున్నాయి.

"కోటు అక్కర్లేదు నాన్నా. ఇప్పుడు ఎవరూ అడగరు" అన్నాను.

"అడగరనే గదరా ఏసుకుంటంది" అన్నాడు నాన్న. కండువా కోటు మీద వేసుకుని బయటికి నడిచాడు.

క్లబ్బు వరండాలో బుష్ షర్టుల మధ్య, పంచెల మధ్య, కోటు ఉన్నవాడు ఆయన ఒక్కడే. మొదటి వరసలో కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాడు. నేను పింజ పొడవు గురించి ఏమేమి మాట్లాడానో నాకు తెలియదు, నా కళ్లు ఆ కుర్చీ మీదే ఉన్నాయి. మాటలయ్యాక వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. టీ వచ్చింది. నాన్న సాసర్లో పోసుకుని, ఊదుకుని, నిదానంగా ఒక గుక్క తాగాడు.

"ఆ రోజు కూడా ఇట్టాగే ఉందా?" అన్నాడు.

నేను తల ఎత్తలేకపోయాను. చూశాడు. వేపచెట్టు కింద అటు తిరిగి ఉన్నాడనుకున్న మనిషి, ఎప్పుడో ఒకసారి ఇటు తిరిగి అంతా చూశాడు. చూసి పదిహేనేళ్లపాటు నన్ను ఒక్క మాట అనలేదు.

"లేదు నాన్నా. ఆ రోజు బాగాలేదు" అన్నాను.

నాన్న సాసరు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే ఇంకో కప్పు తెమ్మను. ఇద్దరం తాగుదాం."